బైకును రేస్ ట్రాక్‌కు చేర్చేదెలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు ట్రాక్ డేల (సొంత బైకును రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు) కోసం, శిక్షణ తరగతుల కోసం వెళ్లే పాఠకుల నుంచి కొంతకాలంగా ఒకే తీరు ఉత్తరాలు వస్తున్నాయి. ట్రాక్ మీద బైకు ఎలా నడపాలని అడిగినవారు తక్కువ. బైకునూ సామానునూ అక్కడిదాకా ఎలా చేర్చాలని అడిగినవారే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయించాం.

ప్రశ్న: నా దగ్గర టీవీఎస్ వారి స్పోర్ట్స్ బైకు అపాచీ ఆర్‌ఆర్ 310 ఉంది. వచ్చే నెల మొదటిసారి ట్రాక్ డేకు పేరు ఇచ్చాను. హైదరాబాద్ నుంచి దాని మీదే వెళ్లి, రెండు రోజులు ట్రాక్ మీద నడిపి, దాని మీదే తిరిగి రావాలని నా ఆలోచన. స్నేహితులు మాత్రం వ్యాను మాట్లాడుకోమంటున్నారు. నడిచే బైకును వ్యానులో మోయించడం దండగ ఖర్చు కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెళ్లే దారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మీ మాట నిజమే. హైదరాబాద్ నుంచి నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట దాటి చెన్నై చేరితే దాదాపు 630 కిలోమీటర్లు. ఓపిక ఉన్నవారు ఒక పగలంతా నడిపి చేరుకోగలరు. అయితే వ్యాను విలువ తెలిసేది తిరుగు ప్రయాణంలోనే. ట్రాక్ మీద పడటం అరుదైన సంగతేమీ కాదు. చిన్నపాటి జారుడుకే క్లచ్ లీవరు విరుగుతుంది, ఫుట్ పెగ్ ఊడుతుంది, హ్యాండిల్ వంగుతుంది. మనిషికి దెబ్బ తగలకపోయినా ఆ బైకు మీద ఇల్లు చేరలేరు. ఆదివారం సాయంత్రం ట్రాక్ ఉన్న శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో మెకానిక్కును వెతుక్కోవడం, దొరికిన బండికి వాళ్లు అడిగినంత ఇచ్చి ఎక్కించుకోవడం అనే రెండు దారులే మిగులుతాయి.

బైకు మీదే ఇల్లు చేరాలన్న చింత ఉన్నవారు ట్రాక్ మీద కూడా సగం మనసుతోనే నడుపుతారు. శిక్షకుడు ఫలానా చోట బ్రేకు వేయమంటే ఇంకా ముందే వేస్తారు, వంచమన్న చోట వంచరు, ఫీజు మాత్రం పూర్తిగా కడతారు. పైగా 630 కిలోమీటర్లు తిన్నగా పరుగెత్తిన టైరు నడిమి భాగం కొంత అరుగుతుంది. మూలల్లో బైకును వంచాల్సిన ట్రాక్ మీద నడిమి భాగం చదునుగా అరిగిన టైరు బాగా పనిచేయదు. లెదర్ సూటు, ప్యాడాక్ స్టాండు (చక్రం నేలకు తగలకుండా బైకును నిలబెట్టేది), పనిముట్లు, విడి లీవర్లు, రెండు రోజుల బట్టలు, తాగునీరు ఇవన్నీ బైకు మీద పట్టవన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఖర్చు మాటకు వస్తే, ఒక్కరే వ్యాను మాట్లాడుకుంటే భారమే. ట్రాక్ డేకు మీ ఊరి నుంచి ఇంకెవరెవరు వస్తున్నారో నిర్వాహకులను అడగండి; ఇద్దరు ముగ్గురు కలిస్తే భరించగలిగే మొత్తమే అవుతుంది. మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు రేటు, డ్రైవరు బత్తా, టోలు, అక్కడ బండి ఆగి ఉండే రోజుకు నిలుపుదల ఛార్జీ, ఈ నాలుగూ ముందే తేల్చుకోండి. తగాదాలు ఎక్కువగా వచ్చేది చివరిదాని దగ్గరే. బండిని వదిలేసి, తిరుగు ప్రయాణానికి అక్కడే ఇంకో బండి మాట్లాడుకుందామనే ఆలోచన కాగితం మీద చవకగా కనిపిస్తుంది గాని, కొత్తవారికి నేను సలహా ఇవ్వను.

నెల్లూరు, తిరుపతి వారి సంగతి వేరు. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా ట్రాక్ 120 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ దూరానికి బైకు మీద వెళ్లి, అవసరమైతేనే ఏదో ఒక బండిని పిలిపించుకుంటామంటే నేను కాదనను.

ప్రశ్న: మేము ముగ్గురం స్నేహితులం. మూడు బైకులు, సామాను తీసుకువెళ్లాలి. టాటా ఏస్ చాలుతుందా, బొలెరో పికప్ కావాలా, లేక పైకప్పు ఉన్న వ్యానే మాట్లాడుకోవాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు టేపు తీసి బైకును కొలవండి. స్పోర్ట్స్ బైకులు చాలావరకు రెండు మీటర్ల పొడవుంటాయి. ఆర్‌ఆర్ 310 పొడవు 2001 మిల్లీమీటర్లు, బరువు 174 కిలోలు. మన దగ్గర చోటా హాతీ అని పిలిచే టాటా ఏస్ గోల్డ్ తొట్టి 2200 మిల్లీమీటర్ల పొడవు, 1490 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. రెండు బైకులు పక్కపక్కన నిలబెడితే చక్రాలకు చోటు చాలుతుంది కాని హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుతాయి. ఒక బైకును ముందు గోడకు ఆనించి, రెండోదాన్ని కొంచెం వెనక్కి నిలిపితే సర్దుకుంటాయి. వెనక్కి నిలిపిన బైకుకు ముందు చక్రం దగ్గర గట్టి అడ్డం ఉండి తీరాలి. మూడో బైకు ఆలోచన ఏస్‌లో వద్దు.

బొలెరో పికప్‌లలో రకాన్ని బట్టి తొట్టి పొడవు 8 నుంచి 10 అడుగుల దాకా ఉంటుంది. మూడు బైకులకు మీరు వాడాల్సిన బండి అదే, లేదా దానికి సాటి అయిన అశోక్ లేలాండ్ బండి. మూడింటిలో మధ్య బైకును వెనక్కి తిప్పి నిలిపితే హ్యాండిళ్ల తగాదా తీరుతుంది. పైన టార్పాలిన్ కప్పడం వానకే అనుకోకండి. లారీల వెనుక 600 కిలోమీటర్ల దుమ్ము, కంకర రేణువులు గొలుసులోకి, ఎయిర్ ఫిల్టరులోకి పోకుండా కూడా అది కాపాడుతుంది. అయితే టార్పాలిన్ బైకుకు తగులుతూ రెపరెపలాడితే ఫెయిరింగ్ (బైకు ముందు, పక్కల ఉండే తొడుగు) పెయింటును గరుకు కాగితంతో రుద్దినట్టు అరగదీస్తుంది. బైకుల మీద పాత దుప్పట్లు కప్పి, ఆ పైన టార్పాలిన్ బిగించండి.

ఏటా చాలాసార్లు వెళ్లేవారికి పైకప్పు ఉన్న వ్యాను హాయి. టాటా వింగర్ కార్గో లోపల సుమారు 3.2 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు చోటు ఉంటుంది; ఫోర్స్ ట్రావెలర్‌లోనూ సామాను బండి రకం ఉంది. రాత్రి హోటల్ ముందు ఆపినప్పుడు తలుపులకు తాళం వేసుకోవచ్చు, నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, బట్టలు మార్చుకోవడానికి చోటు దొరుకుతుంది. లోపం వేడి. ఏప్రిల్, మే నెలల్లో చెన్నై ఎండకు మూసిన వ్యాను లోపల ఏ వస్తువునూ ముట్టుకోలేరు. పాత మారుతి ఓమ్ని, ఈకో వ్యానుల సీట్లు విప్పి వాడదామని ఇంకో ఇద్దరు అడిగారు. ఈకో మొత్తం పొడవే 3.68 మీటర్లు. ముందు సీట్లు, వెనుక తలుపు మందం పోగా మిగిలే చోట్లో స్పోర్ట్స్ బైకు పట్టాలంటే ముందు చక్రం విప్పక తప్పదు. ఆ తరువాత సామానుకు చోటుండదు.

ప్రశ్న: కిందటి నెల మేము ఇద్దరం ఒక పికప్‌లో బైకులు వేసుకుని చెన్నై వెళ్లాం. బండి డ్రైవరే నైలాన్ తాళ్లతో హ్యాండిళ్లకూ, వెనుక సీటు కమ్మీలకూ కట్టాడు. సైడ్ స్టాండు మీద నిలబెట్టి ఇంకా బిగువుగా కట్టానన్నాడు. గమ్యం చేరేసరికి ఒక బైకు ఒరిగి రెండోదాని ట్యాంకుకు సొట్ట పెట్టింది. సరైన పద్ధతి ఏమిటో వివరంగా చెప్పగలరా? ఎక్కించేటప్పుడు కూడా చాలా ఇబ్బంది పడ్డాం.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వివరంగానే చెబుతాను, ఈ వ్యవహారంలో అసలు విద్య ఇదే.

ఎక్కించడంతో మొదలుపెడదాం. పికప్ నేల భూమికి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. 180 కిలోల బైకును 1.8 మీటర్ల ర్యాంపు మీద నెట్టాలంటే 80 కిలోల బరువు ఎత్తినంత బలం కావాలి. అదే 2.4 మీటర్ల ర్యాంపు అయితే 60 కిలోలతో సరిపోతుంది. కాబట్టి చెక్క పలకైనా, ఇనుప ర్యాంపైనా పొడవులో పొదుపు చేయకండి. పలక పై అంచుకు కింద వైపున ఒక కొక్కెం గాని, అడ్డు పట్టీ గాని ఉండి అది బండి అంచును పట్టుకోవాలి. లేదంటే చక్రం ఎక్కిన క్షణంలో పలక వెనక్కి జారి, బైకూ మనిషీ కలిసి కింద పడతారు. ఇంతకంటే తేలిక ఉపాయం మన పల్లెల్లో ట్రాక్టర్లకు ఎప్పటినుంచో వాడుతున్నదే: రోడ్డు పక్క గట్టుకో, గోడౌను ప్లాట్‌ఫారానికో బండి వెనుక భాగాన్ని ఆనించండి. ఎత్తు తేడా జానెడుకు తగ్గితే ఇద్దరు మనుషులు సునాయాసంగా నెట్టేస్తారు. ఒకరు బైకుకు ఎడమ పక్కన నిలబడి హ్యాండిల్ రెండు వైపులా పట్టుకుని, కుడి చేతి వేళ్లు ముందు బ్రేకు మీద ఉంచాలి, ఇంకొకరు వెనుక నుంచి నెట్టాలి. ఇంజను ఆన్ చేసి, సీటు మీద కూర్చుని ర్యాంపు ఎక్కించే వీరత్వం వద్దు. పైకి చేరాక కాలు ఆనించడానికి నేల దొరకదు.

ఇక కట్టడం. డ్రైవరు చేసిన మొదటి తప్పు సైడ్ స్టాండు. బండి కుదుపుకు బైకు బరువంతా ఆ ఒక్క కడ్డీ మీద పడి అది వంగుతుంది, లేదా మడుచుకుంటుంది. బైకు రెండు చక్రాల మీద నిటారుగా నిలబడాలి. దాన్ని నిలబెట్టేది బెల్టులే. ప్యాడాక్ స్టాండు మీద నిలిపి తీసుకువెళ్లడం కూడా సైడ్ స్టాండంత ప్రమాదమే. రెండో తప్పు నైలాన్ తాడు. తాడు సాగుతుంది, ముడి జారుతుంది, సాగిందా లేదా అన్నది చూపుకు తెలియదు. మీట ఆడిస్తే బిగిసే రాట్చెట్ బెల్టులు నాలుగు కొనండి. వాటి మీద రాసి ఉండే రెండు అంకెల్లో పెద్దది తెగిపోయే బరువు. మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది చిన్నదైన పని బరువు. మూడో తప్పు హ్యాండిల్‌కు కట్టడం. స్పోర్ట్స్ బైకుల్లో హ్యాండిల్ రెండు ముక్కలుగా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాలకు విడివిడిగా బిగించి ఉంటుంది. బెల్టు లాగుడుకు ఆ ముక్క తిరిగిపోతే బెల్టు వదులవుతుంది. రెండు ఫోర్క్ గొట్టాలనూ కలిపి పట్టుకునే కింది లోహపు బిగింపు చుట్టూ మెత్తటి నైలాన్ ఉచ్చులు వేసి, బెల్టు కొక్కేలను ఆ ఉచ్చులకు తగిలించండి. కొక్కెం నేరుగా లోహాన్ని తాకకూడదు. బ్రేకు గొట్టం, వైర్లు ఉచ్చు కింద నలగకుండా వేలితో తడిమి చూడండి.

ముందు బెల్టులు రెండూ కిందికి, ముందుకు, పక్కలకు ఏటవాలుగా పోవాలి. ఫోర్క్ మూడో వంతు దాకా దిగేలా బిగించండి. పూర్తిగా దిగేదాకా బిగిస్తే ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి, తక్కువగా బిగిస్తే గుంతలో చక్రం ఎగిరినప్పుడు బెల్టు వదులై కొక్కెం ఊడుతుంది. అందుకే నోటిని మూసి ఉంచే నాలుక ఉన్న కొక్కేలు వాడమంటాను. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ముందుకు లాగే బెల్టులు బండి బ్రేకు వేసినప్పుడు బైకును ఆపవు. బైకు ముందుకు కదిలితే అవి ఇంకా వదులవుతాయి. సరుకు కట్టుబడికి ఐరోపా ప్రమాణాల్లో తీసుకునే లెక్క ప్రకారం, గట్టి బ్రేకుకు వస్తువు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోసుకువస్తుంది. 180 కిలోల బైకుకు అది 144 కిలోలు. ఆ తోపును ఓర్చుకోవాల్సింది ముందు చక్రం ఆనుకుని ఉన్న గోడ, లేదా నేలకు బిగించిన చక్రపు పట్టు. మధ్యలో ఖాళీ లేకుండా చక్రం గోడకు తగిలి ఉండాలి. వెనక్కి తిప్పి నిలిపే బైకుకు అదే నియమం వెనుక చక్రానికి వర్తిస్తుంది. గోడకు, టైరుకు మధ్య పాత టైరు ముక్క పెడితే గోడ రేకు వంగదు.

వెనుక రెండు బెల్టులను వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కు గాని, వెనుక ఫుట్ పెగ్ల ఇనుప చట్రానికి గాని ఉచ్చు వేసి పక్కలకు, కొంచెం వెనక్కి లాగండి. వాటి పని బైకును నొక్కడం కాదు, వెనుక చక్రం పక్కలకు జరగకుండా ఆపడం. కాబట్టి మితంగా బిగిస్తే చాలు. బైకును గేరులో ఉంచండి. మిగిలిన బెల్టు కొసను ముడివేసి చుట్టండి. గాలికి కొట్టుకునే కొస చక్రంలో చిక్కుకోగలదు.

బెల్టు రెండో కొస ఎక్కడ తగిలించారన్నది కూడా అంతే ముఖ్యం. పికప్‌ల పక్క తలుపుల బయట వరుసగా ఉండే సన్నని కొక్కేలు టార్పాలిన్ తాళ్ల కోసం పెట్టినవి. చాలా బండ్లలో అవి చిన్న వెల్డింగు చుక్కతో అతికి ఉంటాయి, పైగా తెరుచుకునే తలుపుకే ఉంటాయి. బైకు బరువు వాటి మీద వేయకండి. తొట్టి నాలుగు మూలల్లో ఛాసిస్‌కు తగిలి ఉండే కడ్డీలు చూసుకోండి. సొంత వ్యాను అయితే నేల మీద ప్లైవుడ్ పరిచి, ఛాసిస్ అడ్డపట్టీల మీదుగా ఇనుప వలయాలు బోల్టులతో బిగించి, రేకు కింద వైపు వెడల్పాటి ఇనుప పలక వేయించండి. ఒట్టి రేకుకు బిగించిన వలయం రేకుతో సహా ఊడి వస్తుంది.

బయలుదేరిన 20, 30 కిలోమీటర్లకు ఒకసారి ఆపి బెల్టులన్నీ పట్టుకుని చూడండి. టైర్లు, సస్పెన్షన్ కుదురుకుని ఆ పాటికి ఒకటైనా వదులై ఉంటుంది. తరువాత టీకి ఆపిన ప్రతిసారీ చేయి వేస్తే సరిపోతుంది. డ్రైవరు నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడకండి. సొట్ట పడేది మీ ట్యాంకుకే.

ప్రశ్న: ట్రాక్ మీద పెట్రోలు ఎక్కువ అవుతుందంటున్నారు. ఇంటి నుంచే క్యానుల్లో తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చట్టం కొంతవరకు అనుమతిస్తుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు మొత్తం 30 లీటర్లకు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. దాన్ని మూత గట్టిగా బిగిసే లోహపు పాత్రలో, ఒక్కోటి 25 లీటర్లకు మించకుండా ఉంచాలి. గాజు లేదా పింగాణీ పాత్ర అయితే ఒక లీటరు దాటకూడదు. తాగునీటి ప్లాస్టిక్ క్యాను ఈ లెక్కలో ఎక్కడా లేదు.

అనుమతి ఉన్నా నా సలహా మాత్రం తీసుకువెళ్లవద్దనే. ట్రాక్ ఉన్నది చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి మీద, బంకులకు కొదవలేదు. ఖాళీ లోహపు క్యాను తీసుకువెళ్లి అక్కడే నింపుకోండి. బైకుల ట్యాంకుల్లో కూడా సగానికి మించి పెట్రోలు లేకుండా చూసుకోండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. మూసిన వ్యానులో అది నేల మట్టాన పేరుకుంటుంది. అలాంటి వ్యానులో రాత్రి పడుకోవడం, లోపల దోమల చక్రం వెలిగించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. హెల్మెట్లను పెట్రోలుకు, చైను స్ప్రేలకు దూరంగా ముందు సీట్ల దగ్గరే ఉంచండి. లోపలి థర్మోకోల్ పొర ఆ ద్రావకాలకు పాడవుతుంది. పనిముట్ల పెట్టె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బైకులను అంత శ్రద్ధగా కట్టి, 15 కిలోల పెట్టెను వాటి మధ్య వదిలేసేవారు చాలామంది. దానికీ ఒక బెల్టు వేయండి.

ప్రశ్న: సొంతంగా పాత వ్యాను కొని బైకులు మోసుకోవాలనుకుంటున్నాను. పసుపు బోర్డు, పర్మిట్, లైసెన్సు, బీమా విషయంలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సామాను బండి మీ సొంత పనికే వాడినా అది రవాణా వాహనమే, పసుపు బోర్డు తప్పదు. కొత్త బండికి 8 ఏళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మీరు కొనే పాత బండి 8 ఏళ్లు దాటినదైతే ఏటా ఆ పని ఉంటుందని ముందే లెక్కవేసుకోండి. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం మొత్తం బరువు, అంటే బండి బరువూ సరుకు బరువూ కలిపి, 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్ లాంటి చిన్న బండ్లు ఇందులోకి వస్తాయి. వింగర్ కార్గో, పెద్ద పికప్‌లు ఆ హద్దు దాటుతాయి, కాబట్టి తమిళనాడులోకి వెళ్లడానికి పర్మిట్ ఉండాలి. ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూసి బేరం మొదలుపెట్టండి. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టత ఇచ్చింది: 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చు.

బీమాలో ఒక విచిత్రం ఉంది. ద్విచక్ర వాహనాల సమగ్ర పాలసీ షరతుల్లో బైకు రోడ్డు మీదో, రైల్లోనో రవాణాలో ఉన్నప్పుడు కలిగే నష్టం కూడా కవరవుతుంది. రేసులకు, వేగ పరీక్షలకు వాడినప్పుడు కలిగే నష్టం మాత్రం కవరవదు. కాబట్టి ఆర్‌సీ, సమగ్ర బీమా ఉన్న బైకు వ్యానులో ఒరిగి సొట్ట పడితే అడిగే హక్కు మీకుంది. గుంటూరు పాఠకులు కూడా తమ పాలసీ తీసి చూసుకోవచ్చు. మూడో పక్షం బీమా మాత్రమే ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. వ్యాను బీమా వ్యానుకే గాని అందులోని సరుకుకు కాదు. రోడ్డు రిజిస్ట్రేషను లేని రేసు బైకు అయితే ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ (దారిలో సరుకుకు కలిగే నష్టానికి బీమా) విడిగా తీసుకోవాలి. బైకుల ఆర్‌సీలు, రిజిస్ట్రేషను లేనివాటికి కొన్న బిల్లు, ట్రాక్ డే రసీదు ఒక కవరులో వ్యానులోనే ఉంచండి. చెక్‌పోస్టు దగ్గర ఇవి అమ్మకపు సరుకు కాదని చెప్పడానికి అవే ఆధారం.

ఇక కొనాలా వద్దా అంటారా, ఏడాదిపాటు అద్దె బండ్లతో తిరిగి చూడండి. సొంత వ్యాను ఇంటి ముందు నిలబడి ఉన్న రోజుల్లో కూడా పన్ను, బీమా, బ్యాటరీ ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: విశాఖ నుంచి చెన్నైకి బైకును రైల్లో పార్సిల్ చేస్తే వ్యాను బాధ తప్పుతుంది కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పదు, సగమవుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, గోనె చుట్టించి, ఆర్‌సీ నకలు ఇచ్చి బుక్ చేస్తే బైకు చెన్నై చేరుతుంది. స్టేషను నుంచి ఇరుంగాట్టుకోట్టైకి మళ్లీ ఒక బండి కావాలి. పార్సిల్ మీరెక్కిన రైల్లోనే వస్తుందన్న హామీ కూడా ఉండదు. శనివారం ఉదయం తరగతి పెట్టుకుని ఆ నిరీక్షణ భరించడం కష్టం. ఊరు మారేవారికి మంచి పద్ధతే గాని ట్రాక్‌కు వెళ్లేవారికి పనికిరాదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కు, క్రెసన్‌లోని ట్రాక్‌కు వెళ్లడానికి పాత వ్యాను కొనాలనుకుంటున్నాం. ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్‌లలో ఏది నయం?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: బైకుల కోసమే అయితే ప్రోమాస్టర్ వైపే మొగ్గుతాను. అది ముందు చక్రాలతో నడిచే బండి. నేల కింద వెనుక చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లేదు కాబట్టి నేల భూమికి సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 2.4 మీటర్ల ర్యాంపు మీద 180 కిలోల బైకును నెట్టడానికి 40 కిలోల బలం చాలు. గోడలు కూడా దాదాపు నిటారుగా ఉండి లోపలి వెడల్పు బాగా కలిసివస్తుంది. వెనుక చక్రాలతో నడిచే ట్రాన్సిట్ నేల ఇంకాస్త ఎత్తు, అయితే రోడ్డు మీద నడక నాకు అదే నచ్చుతుంది. కొనే ముందు ట్రైలరు అద్దెకు తీసుకుని రెండు మూడు సార్లు వెళ్లి చూడండి. బైకుల కోసమే చేసిన ట్రైలర్లు మీ దగ్గర అద్దెకు దొరుకుతాయి. మీ కారుకు హిచ్ (ట్రైలరు తగిలించే బిగింపు) ఉంటే వ్యాను అవసరమే రాకపోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. స్నేహితులతో కలిసి వ్యానులో బైకులు వేసుకుని ట్రాక్‌కు వెళ్తానంటున్నాడు. వద్దనడం లేదు. కానీ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు వాళ్లే నడుపుతారట. ఏ విషయాల్లో గట్టిగా ఉండమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ సందేహం చాలా సబబైనది. ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రమాదం ట్రాక్ మీదకంటే ఆదివారం రాత్రి హైవే మీదే ఎక్కువని నేను నమ్ముతాను. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు, పశువులు అడ్డు రావు, అంబులెన్సు పక్కనే ఉంటుంది. రెండు రోజులు ఎండలో లెదర్ సూటు వేసుకుని నడిపిన కుర్రవాడి ఒంట్లో నీరు ఉండదు, కళ్లు మూతలు పడుతుంటాయి. అదే మనిషి ఆ రాత్రికే వందల కిలోమీటర్లు వ్యాను నడుపుతానంటే ఒప్పుకోకండి.

మొదటిది, ట్రాక్ మీద బైకు నడపని మనిషి ఒకరు వ్యాను నడపాలి. అద్దె బండి అయితే డ్రైవరు ఉంటాడు. అతను పగలు నిద్రపోయాడో లేదో అడిగే బాధ్యత ఒకరికి అప్పగించమనండి. సొంత బండి అయితే స్నేహితుల్లో రేసు పిచ్చి లేనివాడిని వెంట తీసుకువెళ్లమనండి. రెండోది, ఆదివారం రాత్రి అక్కడే పడుకుని సోమవారం తెల్లవారాక బయలుదేరాలి. నాలుగు వరుసల హైవే మీద కూడా సరుకు వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లే పరిమితి. ఆగుతూ వస్తే మీ ఊరు చేరడానికి పగలంతా పడుతుంది. కాలేజీకో ఉద్యోగానికో ఒక రోజు సెలవు పెట్టలేనివారు ఆ ట్రాక్ డేకు పేరు ఇవ్వకపోవడమే మంచిది. మూడోది, సామాను పెట్టే చోట మనుషులు కూర్చోకూడదు. ముందు సీట్లు ఎన్ని ఉంటే అంతమందే వ్యానులో రావాలి, మిగిలినవారు రైలెక్కాలి. బైకులకు తోడుగా వెనుక కూర్చుంటామనడం చట్టం ఒప్పుకోని పని. బెల్టు తెగితే 180 కిలోల బైకు పడేది వారి మీదే.

నాలుగోది మీరు అబ్బాయికి విడిగా చెప్పాలి. ట్రాక్ మీద పడి తలకు దెబ్బ తగిలితే, హెల్మెట్ ఉన్నా, పైకి ఏమీ కనిపించకపోయినా, అక్కడి వైద్యుడికి చూపించుకోవాలి. ఆ రోజూ మర్నాడూ స్టీరింగ్ ముట్టుకోకూడదు. తలనొప్పి, వాంతి, మాట తడబాటు కనిపిస్తే ఇల్లు చేరేదాకా ఆగకుండా దారిలో ముందు వచ్చే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలని స్నేహితులకు కూడా చెప్పి పంపండి. వ్యాను నంబరు, డ్రైవరు ఫోను, బస చేసే చోటు ఒక కాగితం మీద రాయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.